డ్యూటీ దిగని చెవులు

నేను కువైట్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాల్టీలో నర్సుని. మాది గోదావరి జిల్లా. ఊపిరాడటం లేదంటూ పరుగెత్తుకొచ్చి, ఈసీజీ, ఎక్స్‌రే, రక్తపరీక్ష అన్నీ బాగున్నాయనిపించుకుని, తల దించుకుని వెళ్ళిపోయేవాళ్ళని ఎంతమందిని చూశానో చెప్పలేను. "నీకేం లేదమ్మా, వెళ్ళు" అంటారు డాక్టర్లు. ఏమీ లేకపోతే ఆ మనిషి పెదవులు తడారిపోయి ఎందుకు కూర్చుంది? నా చెయ్యి ఎందుకు వదలడం లేదు? దానికి మా దగ్గర మందు లేదు. అందుకే వైద్యవృత్తిలో ఉన్నవాళ్ళకి యోగా థెరపీ శిక్షణ అని నోటీసు బోర్డు మీద చూసి, ఉన్న ఒక్క శుక్రవారం సెలవునీ దానికి ధారపోశాను.

మా ప్రార్థన కూడికకి వచ్చే ఒక పెద్దావిడ ఈ సంగతి విని బుగ్గలు నొక్కుకుంది. "అదేంటమ్మా, ప్రభువుని నమ్ముకున్నదానివి, నీకెందుకా యోగాలూ గీగాలూ?" అంది. "నడుం వంచొద్దని ప్రభువెక్కడా చెప్పలేదండి. మీ మోకాళ్ళకి కూడా నేర్పిస్తాను, రండి" అన్నాను. ఆవిడ కొన్నాళ్ళు నాతో మాట్లాడటం మానేసింది. ఆ మోకాళ్ళ నొప్పుల కబుర్లు వినే బాధ నాకూ తప్పింది.

క్లాసు హవల్లీలో, కింద సెల్‌ఫోన్ల దుకాణాలున్న పాత బిల్డింగులో. నేర్పే ఆవిడ బెంగళూరు నుంచి వచ్చిన డాక్టరు. గొంతు పెంచదు, నవ్వొస్తే దాచుకోదు. చాపల మీద మేము: గుండె డాక్టరు, పిల్లల డాక్టర్లు, మత్తు డాక్టరు, ఫిజియోథెరపీవాళ్ళు, నాలాంటి నర్సులు. అంతమంది చదువుకున్నవాళ్ళని ఒకచోట కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంటే ఎలా ఉంటుందో చూసితీరాలి. ఊపిరిని ఊరికే గమనించమంటే ఒకాయన చేతివాచీ చూస్తూ లెక్కపెడుతున్నాడు. ఇంకొకాయన తన నాడి తనే పట్టుకు కూర్చున్నాడు. హైదరాబాదు నుంచి వచ్చిన గుండె డాక్టరుగారైతే, రోగికి ఆసనాలు రాసివ్వమన్నప్పుడు, గొలుసుకట్టు రాతలో "పొద్దున, రాత్రి, భోజనం తర్వాత" అని రాసిచ్చాడు. ఆసనాలకి పొట్ట ఖాళీగా ఉండాలని అప్పుడే కదా టీచరమ్మ చెప్పింది! "సారీ మేడమ్, చేతికి అలవాటైపోయింది" అన్నాడు పాపం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. చదువుతో వచ్చిన బుద్ధీ అంతేనని నాకు అక్కడ తెలిసింది.

శిక్షణ చివర ప్రాక్టికల్ పరీక్ష ఉంటుంది. ఒక్కొక్కరూ ఒక పేషెంటుని తీసుకుని, కొన్ని వారాలు నేర్పించి, ఆ రోజు అందరి ముందూ చేయించి చూపాలి. నేను పేషెంటు కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. క్యాజువాల్టీకే వచ్చింది, స్ట్రెచర్ మీద.

రాయచోటి దగ్గర పల్లె ఆమెది. ఒక కువైటీ ఇంట్లో పని చేస్తోంది. తలమీద కట్టుకున్న గుడ్డ అంచున నుదురంతా చెమట. వెంట వాళ్ళ మామా ఉంది. ఇంటి యజమానురాలిని పనివాళ్ళు ఇక్కడ అలాగే పిలుస్తారు. నల్ల అబాయా వేసుకుని, కారు తాళాలు చేతిలో ఆడిస్తూ నిలబడింది. అంతకుముందు కూడా ఒకసారి ఇలాగే తీసుకొచ్చిందట. ఈసారీ పరీక్షలన్నీ బాగున్నాయనేసరికి ఆవిడ ముఖం ఎర్రబడింది. "ఖలాస్! ఇంకొక్కసారి ఇలా జరిగిందంటే టికెట్ కొని వాళ్ళ దేశం పంపించేస్తాను" అంది డాక్టరుతో, అరబ్బీలో. స్ట్రెచర్ మీదున్న మనిషికి ఆ ముక్క బాగానే అర్థమైంది. మామా అటు తిరగ్గానే నా చెయ్యి పట్టేసుకుంది.

"అక్కా, నువ్వు తెలుగామెవే గదా? నన్ను పంపిచ్చొద్దని ఆయమ్మకి సెప్పక్కా. నా కూతురు నర్సింగు సదవతా ఉండాది. నేను పోతే దాని సదువు ఆడికే నిలిచిపోతాది."

నర్సింగు అనేసరికి ఇక ఆగలేకపోయాను. నేరుగా మామా దగ్గరికి వెళ్ళి, నాకొచ్చిన అరబ్బీ, ఇంగ్లీషు కలిపి చెప్పాను. శుక్రవారాలు సాయంత్రం ఈమెని నా గదికి పంపండి, మందులుండవు, ఊపిరి అభ్యాసాలు నేర్పుతాను, నా పరీక్ష అయ్యేదాకా టికెట్ మాట ఎత్తకండి అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి "సరే, పరీక్ష దాకానే" అంది.

వాళ్ళ డ్రైవరు ప్రతి శుక్రవారం క్లాసు అయ్యాక హవల్లీలో నా గది ముందు దింపి వెళ్ళేవాడు. మొదటిరోజే గుమ్మంలో నిలబడి, "మంత్రాలేమన్నా సదవాల్నా అక్కా? మా మతంలో ఒప్పుకోరు, ఇంట్లో తెలిస్తే కొడతారు" అంది.

"ఇన్నాళ్ళూ మంత్రం చదివే ఊపిరి పీల్చావేంటి? రా, వచ్చి పడుకో" అన్నాను.

చేతులెత్తడం, నడుం తిప్పడం చక్కగా చేసేది. వెల్లకిలా పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంటేనే చిక్కు. కాసేపటికే ఛాతీ పైపైన ఎగిరేది. "బండ పెట్నట్టుండాదక్కా" అంటూ లేచి కూర్చునేది. దిండు ఎత్తు మార్చాను. పక్కకి తిప్పి పడుకోబెట్టాను. ఏసీ తగ్గించాను. క్లాసులో చెప్పినవన్నీ చేశాను, ఏం లాభం లేదు. ఫోను మాత్రం పిడికిట్లోంచి వదిలేది కాదు. ఈ రోజుల్లో ఎవరు వదులుతున్నారులే అని నేనూ పట్టించుకోలేదు. ఒకరోజు విసుగొచ్చి, "పడుకుని కళ్ళు మూసుకోవడం కూడా రాకపోతే ఎలాగే తల్లీ?" అని కసిరాను.

"అందరికీ ఒస్తాదేమో, నాకు రాదులే అక్కా. నన్ను ఇడిసిపెట్టు" అంది.

వదిలేస్తే విమానం ఎక్కించేస్తారు. ఆ మాట తనకీ తెలుసు, నాకూ తెలుసు. పరీక్ష దగ్గరపడేకొద్దీ నాకు దిగులు పట్టుకుంది. పరీక్షలో ఊపిరందక లేచి కూర్చుంటే ఇక ఆ మామాకి నేనేం చెప్పను?

ఆ దిగుల్లోనే ఒక శుక్రవారం క్లాసుకి వెళ్ళాను. ఆసనాలయ్యాక అందరినీ శవాసనంలో పడుకోబెట్టి, లైట్లు తగ్గించి, టీచరమ్మ మెల్లగా చెబుతోంది. పాదాలు వదులు చెయ్యండి, మోకాళ్ళు వదులు చెయ్యండి. హాలంతా నిశ్శబ్దం. అంతలో గోడ అవతల ఏదో "పీప్, పీప్, పీప్" మంది.

మొత్తం క్లాసు ఒక్క ఉదుటున లేచి కూర్చుంది! గుండె డాక్టరుగారు అప్పటికే లేచి నిలబడి ఒక కాలికి చెప్పు తొడుక్కున్నాడు. మత్తు డాక్టరు కళ్ళు నులుముకుంటూ "ఏ బెడ్?" అని అరిచాడు. నా చెయ్యి గాలిలోకి లేచి మానిటరు మీద అలారం ఆపే మీట కోసం తడుముతోంది. తీరా చూస్తే పక్క ఆఫీసులో గుమాస్తా ఓవెన్‌లో బిర్యానీ వేడిచేసుకుంటున్నాడు. కడుపులు పట్టుకుని నవ్వాం. టీచరమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"మీరు చాప మీద పడుకున్నారు గానీ మీ చెవులింకా డ్యూటీలోనే ఉన్నాయి. వాటికి డ్యూటీ దిగిందని ఎవరూ చెప్పలేదు" అంది.

నాకు నవ్వు ఆగిపోయింది. రాయచోటామె పిడికిలి గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం ఆమె రాగానే అడిగాను. "ఆ ఫోను ఎవరికోసమే?"

"మామా సేస్తాదక్కా."

"సెలవురోజు కూడానా?"

"యా పొద్దైనా సేస్తాది. జైనా, జైనా అంటాది. అరబ్బీలో బాగుండావా అని. ఇంట్లో ఉన్నా మిద్దెపైనుంచి సేస్తాది. పండుకున్నంక గూడా సేస్తాది. బాగలేదంటే పంపిచ్చేస్తాది గదా, అందుకే మోగేలోపల ఎత్తల్లని సూస్తా ఉంటా."

అంటుండగానే ఫోను మోగింది. నేను లాగేసుకున్నాను. అవతల నుంచి "జైనా?" అని వినబడింది. ఒళ్ళు మండి, "జైనా లేదు, గీనా లేదు మేడమ్, నేను నర్సుని. మనిషిని నిద్ర కూడా పోనివ్వకుండా ఎందుకిన్నిసార్లు పిలుస్తారు?" అని దులిపేశాను.

ఆవిడ చిన్న గొంతుతో చెప్పింది. తన తల్లి నిద్రలోనే చనిపోయిందట. తను పక్కగదిలోనే ఉంది, తెల్లారేదాకా తెలియలేదు. "ఈమెకి ఊపిరాడనప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. నా ఇంట్లో ఇంకొకరు అలా పోతే నేను తట్టుకోలేను. అందుకే పంపించేస్తానన్నాను" అంది.

నా కోపమంతా చప్పగా చల్లారిపోయింది. నిద్రమాత్ర వేసుకోమని నిద్రపోతున్న పేషెంటుని తట్టి లేపే నర్సుల జాతి మాది. ఆవిడని ఏమని తప్పుపడతాను? "మీరు భయపడి పిలుస్తున్నారు. ఈమె మీ పిలుపుకి భయపడి ఊపిరి బిగబట్టుకుంటోంది" అని మాత్రం చెప్పాను. "పిలవకపోతే నాకెలా తెలుస్తుంది?" అంది ఆవిడ. పరీక్షకి మీరూ రండి, మీ కళ్ళతో చూడండి అన్నాను.

పరీక్షరోజు మామాయే స్వయంగా కారు నడుపుకుంటూ ఆమెని తీసుకొచ్చి, వెనక గోడవార కుర్చీలో కూర్చుంది. పరీక్ష పెట్టే ఆయన ఇండియా నుంచి వచ్చిన పెద్ద డాక్టరు. ఆసనాలు, ఊపిరి అభ్యాసం అయ్యాక చివరికి యోగనిద్ర చేయించాలి. పేరులో నిద్ర ఉంది గానీ అందులో నిద్రపోకూడదు. పేషెంటు మెలకువగా ఉండి మన మాట వింటూ ఒళ్ళంతా వదులు చెయ్యాలి. అది నియమం.

చాప మీద కూర్చున్న ఆమెతో, "ముందు ఆ ఫోను మామా చేతికిచ్చి రా" అన్నాను. పిలిచే మనిషి చేతిలోనే ఫోను పెట్టేస్తే ఇక పిలిచేదెవరు? ఆమె బెదురుగా వెనక్కి చూసింది. మామా లేచి చెయ్యి చాపింది. ఫోను ఇచ్చి వచ్చి పడుకుంది.

నేను మొదలుపెట్టాను. పాదాలు. మోకాళ్ళు. నడుము. చేతుల దగ్గరికి వచ్చేసరికి ఆ కుడి పిడికిలి విచ్చుకుంది. ఛాతీ ఎగరలేదు, బండ రాలేదు. భుజాల దగ్గరికి వచ్చేసరికి సన్నగా గురక మొదలైంది. క్లాసులో ఎవరో కిసుక్కుమన్నారు.

"సిస్టర్, పేషెంటు నిద్రపోయింది. లేపి మళ్ళీ మొదలుపెట్టండి, లేకపోతే మార్కులు పోతాయి" అన్నాడు పెద్ద డాక్టరు.

నేను వంగి ఆమె భుజం మీద చెయ్యి వేశాను. వెనక కుర్చీ కిర్రుమంది. మామా గబగబా వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. జైనా అని లేపేస్తుందేమోనని భయపడ్డాను. ఆవిడ వంగి ఆమె ఛాతీనే చూస్తోంది. పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. అలా ఎంతసేపు చూసిందో. తర్వాత నా చెయ్యి వైపు చూసి, "ఖల్లీహా" అంది గుసగుసగా. వదిలెయ్, పడుకోనీ అని.

నేను చెయ్యి తీసేశాను. పెద్ద డాక్టరు తల అడ్డంగా ఊపి, తర్వాతి బ్యాచ్‌తో మళ్ళీ పరీక్షకి రమ్మన్నాడు. వచ్చాను, పాసయ్యాను, అదేం పెద్ద కథ కాదు.

ఆ రోజు మిగతావాళ్ళ పరీక్షలన్నీ ఆమె చాప చుట్టూ, గొంతులు తగ్గించుకుని జరిగాయి. మామా కింద నుంచి లేవలేదు. రెండు ఫోన్లూ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. చివరికి ఆమె కళ్ళు తెరిచి, హాలంతా చూసి, ఉలిక్కిపడి లేచి కూర్చుంది. కుడిచెయ్యి చాపంతా తడుముతోంది.

"అక్కా, మామా పిలిచిందా?"

తెలుగు రాకపోయినా ఆవిడకి అర్థమైంది. "లా" అంది, లేదు అని. పిలవలేదు అని అరబ్బీలోనే మళ్ళీ చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, వచ్చే శుక్రవారం ఎన్నింటికి తీసుకురమ్మంటావని అడిగింది.