గురుగాకుకు దక్కని చీటీ

కాన్పయ్యాక మా అక్క లేచి నిలబడలేకపోయింది. యాభైలలో అదొక కరువు ఏడు. వేంపల్లె దగ్గరి మా ఊరికి వచ్చే నర్సమ్మ పొయ్యి మీది గురుగాకును చూసి ముక్కు చిట్లించింది.

"చేలో కలుపు పెడితే బలం ఎట్లొస్తాది? పండ్లు కొనండి. ఈ ఆకులో సత్తువ ఉండాదని సదువుకున్నోళ్లు రాసిస్తే అప్పుడు పెట్టండి."

పండ్లు యాడివి? అమ్మ భయపడి ఆకు మానేసింది. అక్కకు ఉత్త సంగటే మిగిలింది.

నేనప్పుడు కడపలో ఒక కాలేజీ ప్రయోగశాలలో అటెండరును. పాఠాలకు తప్ప అన్నిటికీ అటెండయ్యేవాణ్ణి. అక్కడి రసాయనశాస్త్రం అయ్యవారు ఆకురసంలో నీలం మందు చుక్కలు వేసి, రంగు విరిగి మాయమైతే సత్తువ ఉన్నట్టనేవారు. అక్క నీరసానికి ఆ ఆకే మందని ఈ రసమే సాక్ష్యం చెబుతుందని, గురుగాకు పంపమని అమ్మకు కబురు చేశాను.

పంపింది. పప్పు వేసి ఎనిపి, వెల్లుల్లి తిరగవాత పెట్టి, సంగటి ముద్దతో సహా!

"అంత పెద్ద అయ్యవారికి పచ్చాకు పంపేదానికి ఆయనేమన్నా ఎద్దా, అనిందప్పా మీ యమ్మ" అన్నాడు గిన్నె తెచ్చిన మా మామ.

అయ్యవారు అందులోంచే ఒక చెంచాడు తీసి పరీక్షించారు. రంగు విరగలేదు. "విశేషమేమీ లేదు" అని చీటీ రాసి మామ చేతికిచ్చారు. మిగిలినదంతా సంగటితో తిని, గిన్నెను వేలితో తుడిచారు.

మామ బస్సెక్కాక గాని నాకు బుద్ధి వెలగలేదు. ఉడికి ఉడికి, ఆ నీలం మందుకు దొరికే సత్తువ ఆకులో ఏం మిగులుతుంది? కాలేజీ వెనక గోడవార గురుగు పీకి, నూరి, రసం పిండి, చుక్కలు వేశాను. నీలం పడింది పడినట్టే మాయమైంది. పరుగున పోయి చూపించాను. ఆయన కళ్లారా చూశారు.

"చీటీ వెళ్లిపోయింది కదయ్యా. కలుపుమొక్క కోసం రాసిన మాట మార్చుకోమంటావా?"

ఆయన మీసాన ఇంకా మా అమ్మ తిరగవాత మెరుస్తూనే ఉంది. తిన్న నోటితోనే లేదంటారా! ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. "చిత్తం సార్" అని గిన్నె కడుక్కొచ్చిన నా మీద అంతకు రెండింతలు.

శనివారం ఊరికి పోయి, చదువురాని అమ్మకు నిజం చెప్పబోయాను.

"చీటీ సంగతి ఉండనీలే నాయనా. గిన్నెలో ఏమన్నా మిగిల్చినాడా?"

"ఒక్క మెతుకు లేదమ్మా."

"మరింగేం!" అని చీటీని పొయ్యిలోకి తోసి, దాని మీదనే అక్కకు గురుగాకు ఉడకేసింది.