అంతరిక్ష నౌకలో ముసలమ్మ మాటలు

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. మెదక్‌లో మా వయోజన బడి వాళ్లు రేడియో కోసం ఒక నాటకం తయారుచేశారు. అంతరిక్ష నౌకలో అందరూ చనిపోగా, ఒక పసిబిడ్డతో మిగిలిన ముసలమ్మ పాత్ర నాకిచ్చారు. వినేవాళ్లకు ఏమీ కనబడదు కాబట్టి, ఆమె అన్నీ తనకు తానే పైకి చెప్పుకోవాలి. పదో తరగతి చదివిన నా కోడలే రోజూ నా తప్పులు దిద్దేది.

ఒక మధ్యాహ్నం కాగితం పట్టుకుని సాధన చేస్తున్నాను. "అందరూ పోయారు. ఇక ఈ పసివాడి ఊపిరీ ఆగిపోతుంది."

గోడ అవతల, పక్కింటి పోచమ్మ మనవడు జ్వరంతో పడుకుని ఉన్నాడు. నా మాటలు విన్న పోచమ్మ కొడుకు కాసేపటికి పటకారుతో లోపలికొచ్చాడు. వెనక వాడకట్టు జనమంతా ఉన్నారు.

"మా పోరనికి బాణామతి జేస్తుంది ముసల్ది! పండ్లు పీకితే మంత్రం పారది!"

"నాటకం బిడ్డా! గిదో, కాగితం జూడుండ్రి."

"నీకు సదువెప్పుడొచ్చిందే? మమ్ముల ఎడ్డోళ్లను జేస్తున్నవా?"

చదువు వచ్చని చూపడానికి కాగితంలోని ఆ మాటలే చదివి వినిపించాను.

"సూడుండ్రి, మల్ల సదువుతుంది!" అంటూ నన్ను పట్టుకుని ముందుపళ్లు పీకేశారు. కోడలు గుమ్మంలోనే ఉంది. నోరు విప్పలేదు.

"నేను మాట్లాడితే నా పండ్లు గూడ పీకుదురు అత్తమ్మా" అంది తర్వాత.

రేడియోలో నా పాత్ర ఇంకొకామె వేసింది. పిల్లవాడి జ్వరం మర్నాడే తగ్గింది. నా పళ్లు పీకినందుకే తగ్గిందని వాడలో ఇప్పటికీ అంటారు.

నేను చదవడం మానలేదు. కానీ ఇప్పుడు తలుపు తెరిచిపెట్టి, పెదవులు కదపకుండా చదువుకుంటాను.