దానిమ్మ ఆకు, గ్లాసు నీళ్లు

ఈ రోజు తెగుళ్ల పరిశీలనకు సర్జాపుర వెళ్లాను. దానిమ్మ ఆకుల మీద నల్లమచ్చలు చూసి, బాక్టీరియా తెగులేనని భయపడి, రైతు మునెప్ప చెట్లు కొట్టేయడానికి గొడ్డలి తెచ్చుకున్నాడు. నేను మచ్చ దగ్గర ఆకును కోసి గాజుగ్లాసు నీళ్లలో ఉంచాను. బాక్టీరియా ఉంటే కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నని ధార దిగుతుంది. మునెప్ప భార్య ఎల్లమ్మ గ్లాసు మీంచి చూపు తిప్పలేదు. ఎంతసేపు చూసినా నీళ్లు తేటగానే ఉన్నాయి.

"ఏమీ రాలేదే! ఇంకా కాచుకోవల్లా అప్పా?" అంది.

"వద్దక్కా, రాకపోతేనే మంచిది. ఇది మామూలు మచ్చ, మందు కొడితే పోతుంది."

ఆమె భర్త వైపు తిరిగింది. "నిన్నట్నుంచి నువ్వూ తినకపోతివి, నన్నూ తిననీకపోతివి. లెయ్, ముద్ద తిందాం!"

నాకూ వడ్డించింది. నేను రాగిముద్దను నమలడం చూసి ఇద్దరూ పడీపడీ నవ్వారు. బ్లాగు మిత్రులారా, దాన్ని నమలకుండా మింగేదెలాగో కాస్త చెప్పరూ?