అత్త పెట్టని సంతకం

గత సోమవారం ఎమ్మిగనూరు బడిలో పాఠం చెబుతుండగా నాన్న ఫోను చేశాడు. "మీ అత్త పాయెనమ్మా" అన్నాడు. ఆరు నెలలుగా జబ్బుతో ఆదోనిలో మా ఇంట్లోనే ఉంది మా మేనత్త. రాబోతుందని తెలిసిన కబురే. పాఠం సగంలో ఆపి ఆదోని బస్సెక్కాను.

ఆమె పుట్టింది పెద్దకడుబూరులో, శనక్కాయలు పండించే ఇంట్లో. చదువుకుని గుజరాత్‌లో చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరైంది. తయారైన చిప్పులను పరీక్షించి, బాగున్నాయని సంతకం పెట్టడం ఆమె పని. "చిప్పలు సేసేదానికి అంత సదువెందుకమ్మా?" అని పక్కింటి పెద్దాయన అడిగితే, ఆయన చేతిలో ఫోను చూపించి, "దీన్ని మాట్లాడించేది అదే మామా" అని నవ్వేది.

సెలవులకు వస్తే వాళ్ళమ్మ, అంటే మా అవ్వ పక్కన కూర్చుని విత్తనానికి కాయలు ఒలిచేది. పుచ్చుగింజ ఒక్కటీ ఆ వేళ్ళను దాటిపోయేది కాదు. "అనుమానం వచ్చిందంటే సెయ్యి ఆగాల" అనేది.

ఒకసారి అలా వచ్చినప్పుడే ఆమె పైఅధికారి ఫోను చేశాడు. కార్ల బ్రేకుల్లో వాడే చిప్పుల మీద అనుమానం వచ్చి, ఆ సరుకు ఆపి వచ్చిందట అత్త. పరీక్షల్లో పాసయ్యాయి కదా, సంతకం పెట్టమని ఆయన పట్టు. పెట్టనని చెప్పి ఫోను కట్ చేసింది.

అవ్వ భయపడింది. "ఉద్యోగం తీసేస్తే యాడికి పోతావు?"

"యాడికో పోతాలేమ్మా. బ్రేకు పడకపోతే ఆ బండ్లో ఉండేటోళ్ళు యాడికి పోతారు, సెప్పు."

అవ్వ చేట దగ్గరికి లాక్కుని కాయలు ఒలవసాగింది.

మర్నాడే అత్త తిరుగు ప్రయాణమైంది. దిగబెట్టడానికి ఆదోని స్టేషనుకు నేనే వెళ్ళాను. బెదరలేదనే అనుకున్నాను గానీ, టికెట్టు సంచీలో ఉందో లేదో మూడుసార్లు చూసుకుంది. వెళ్ళి వారం పాటు ఆ చిప్పులను వేడిచేసి, చల్లార్చి, మళ్ళీ మళ్ళీ పరీక్షించింది. పైకి కనిపించని పగుళ్ళు చివరికి బయటపడ్డాయి. సరుకంతా తీసి పక్కన పెట్టారు. ఆ ఏడు ఆమెకు రావలసిన ప్రమోషన్ మాత్రం ఇంకొకరికి పోయింది.

"నా పని నేను సేసినాను. దాంట్లో గొప్పేముంది" అంది. గొప్పే. ఆమె ఉండగా ఆ మాట అనలేకపోయాను.

అత్త పోయిన మూడో రోజున, ఆమె దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు అమ్మాయిలు గుజరాత్ నుంచి వచ్చారు. ఫ్యాక్టరీలో తీసిన ఫోటో ఒకటి తెచ్చారు. అందులో ఇరవై మంది దాకా ఉన్నారు. చిప్పుల మీద దుమ్ము పడకుండా తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి దుస్తులు, ముఖానికి గుడ్డ. కళ్ళు తప్ప ఏమీ కనబడవు. నేనింకా వెతుకుతూనే ఉన్నాను. అవ్వ ఫోటో అందుకుని, వెనక వరసలో ఒకరి మీద వేలు పెట్టింది.

"ఇదో, నా బిడ్డ."

అమ్మాయిలు అవునన్నారు. ఆ వేలు చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు.