రాజు మడిచిపెట్టిన ఆఖరి చీటీ

నిన్న పొద్దున తొమ్మిదింటికి రాజు నంబర్ నుంచి ఫోన్. ఎత్తగానే "ఏటి మావా" అన్నాను.

అవతల వాడి చెల్లెలు. "అన్నియ్యా, మా అన్న ఎల్లిపోనాడు" అంది.

"ఎక్కడికమ్మా?" అని అడిగాను.

నిజంగానే అడిగాను. ఆ పిల్ల ఏడుపు వినేదాకా నా బుర్రకెక్కలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్లు. పొద్దున్నే లేచి ఛాతీ పట్టేసినట్టుంది అన్నాడట. ఆటో వచ్చేలోపే అయిపోయింది.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

మీలో చాలామందికి అప్పలరాజు తెలియదు. శ్రీకాకుళంలో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవాడు. ఊరు సముద్రం ఒడ్డున, వాళ్ల నాన్నగారు చేపల వేటకి వెళ్తారు. నాది గజపతినగరం, శ్రీకాకుళంలోనే ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఆఫీసులో ఉద్యోగం. మమ్మల్ని కలిపింది ఒక పరీక్ష.

నెట్‌వర్కింగ్‌లో అన్నిటికంటే పెద్ద సర్టిఫికేషన్. దాని ల్యాబ్ ఎగ్జామ్ బెంగళూరులో. ఎనిమిది గంటలు కూర్చోబెడతారు. పాడైన నెట్‌వర్క్ ఒకటి ముందు పెట్టి, ఎక్కడ పాడైందో కనిపెట్టి బాగుచెయ్యమంటారు.

మాకు కోచింగ్ లేదు. అరసవల్లిలో ఒక చిన్న రూమ్ తీసుకుని, సెకండ్‌హ్యాండ్ రౌటర్లు ఆరు తెచ్చి, చెప్పుల స్టాండులో పేర్చాం. అదే మా ల్యాబ్.

గుడి దగ్గర కదా, ఓనర్ గారు రూమ్‌లోకి నీచు తేకూడదని ముందే చెప్పారు. రాజు వాళ్లమ్మ ఒకసారి ఎండు నెత్తళ్ల చేపల ఇగురు పంపింది. వీడు ఆ టిఫిన్ డబ్బాని రౌటర్ల వెనక దాచాడు. రౌటర్ల ఫ్యాన్లు ఊరుకుంటాయా? ఆ వేడికి, ఆ గాలికి వాసన మొత్తం కిటికీలోంచి ఓనర్ గారి వసారాలోకి వెళ్లిపోయింది.

ఆయన పరిగెత్తుకొచ్చారు. "ఏటర్రా ఆ కంపు?"

రాజు మొహంలో నవ్వు లేదు. "రౌటర్ ఏడెక్కిపోనాదండి. లోపల వైరు కాల్తన్నాది."

పెద్దాయన హడలిపోయి మెయిన్ స్విచ్ ఆపేశారు. అరపూట చేసిన పని సేవ్ చెయ్యలేదు, మొత్తం పోయింది. కూర మాత్రం సుబ్బరంగా తిన్నాం.

ప్రాక్టీస్‌కి మాదొక పద్ధతి. ఒకడు నెట్‌వర్క్‌లో ఒక తప్పు పెట్టాలి, రెండోవాడు కనిపెట్టాలి. ఏం తప్పు పెట్టాడో చీటీ మీద రాసి, మడిచి, పై రౌటర్ కింద పెట్టాలి. జవాబు చెప్పేదాకా ఆ చీటీ ముట్టుకోకూడదు. ఒట్టు.

తప్పులు పెట్టడంలో వాడిని మించినవాడు లేడు. నేను జుట్టు పీక్కుంటుంటే పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు వలుచుకు తినేవాడు.

పోయినసారి నేను ఎగ్జామ్ రాసి ఫెయిలయ్యాను. ఉన్న తప్పులన్నీ పట్టుకున్నాను కానీ, టైమ్ మిగిలిందని బాగున్నదాన్ని కూడా కెలికాను. ఆఖరి పది నిమిషాల్లో అంతా పడిపోయింది. ఆ రాత్రి రైల్లో ఏడ్చాను.

స్టేషన్‌కి వచ్చి రాజు ఒక్కటే అన్నాడు. "నీకు తెలీనిదేటీ నేదురా మావా. నీ సెయ్యే ఊరుకోదు."

వచ్చే నెల మళ్లీ రాస్తున్నాను. వాడు తన ఎగ్జామ్ పక్కన పెట్టేసి, ముందు నన్ను గట్టెక్కించాలని కూర్చున్నాడు.

పోయిన ఆదివారం ఒక తప్పు పెట్టి, చీటీ దాచి, "ఈపాలి కష్టమైనది. వారం తీసుకో" అని ఊరెళ్లిపోయాడు.

చూస్తే అన్నీ పనిచేస్తున్నాయి. అంటే ఎక్కడో లోతుగా దాచాడన్నమాట. రోజూ ఆఫీసు నుంచి వచ్చి వెతికాను. అదీ ఇదీ మార్చాను. మారుస్తూ మారుస్తూ నేనే రెండు లింకులు పడగొట్టాను.

గురువారం ఫోన్ చేశాడు. "దొరికీసిందేటి?"

దొరకలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఫెయిలైనవాడిని కదా.

"దొరికింది. మూడో రౌటర్‌లో పాస్‌వర్డ్ తేడా" అన్నాను. నోటికొచ్చింది చెప్పాను.

వాడు నవ్వాడు. ఆగకుండా, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"సర్లే మావా. ఆదోరం వస్తాను. మాటాడుకుందుం."

ఆదివారం అంటే ఇవాళే.

నిన్న సాయంత్రం వాళ్ల ఊళ్లో అంతా అయిపోయాక వాళ్ల నాన్నగారు నా చెయ్యి వదల్లేదు. "నువ్వు పాసైపోతే తనూ పాసైపోయినట్టేననీవోడు బాబూ" అన్నారు. ఎగ్జామ్ మానేద్దామని అప్పటికే అనుకున్నాను.

ఇవాళ పొద్దున రూమ్‌కి వెళ్లాను. మూల వేరుశెనక్కాయల పొట్టు అలాగే ఉంది. కాసేపు కూర్చుని, పై రౌటర్ ఎత్తి చీటీ తీశాను.

వాడి కోడి గీతల రాత.

"ఏటీ పెట్టనేదు మావా. అన్నీ బాగున్నాయి. సెయ్యి తియ్యి."

అదీ సంగతి.

గురువారం నేను అబద్ధం చెప్తున్నానని వాడికి మొదటి మాటకే తెలిసిపోయింది. ఒక్క మాట అనలేదు. నవ్వి వదిలేశాడు.

సారీ రా. దొరకలేదని చెప్పేయాల్సింది. ఇంకో పది నిమిషాలు మాట్లాడేవాడివి.

నేను పడగొట్టిన రెండు లింకులూ సరిచేసి, సేవ్ చేసి, లేచాను. ఇంక దేన్నీ ముట్టుకోలేదు.

ఎగ్జామ్‌కి వెళ్తాను. చీటీ జేబులో ఉంటుంది.

ఉంటాను మావా. ఏ నొప్పీ లేకుండా, ఏ దిగులూ లేకుండా హాయిగా పడుకో.

సెయ్యి తీసీసాను.