ఊళ్లో తిరగళ్లన్నీ చెడిపోయిన వారం

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏడో పదో ఏడో నడుస్తుండగా, మా ఊళ్లో తిరగళ్లన్నీ ఒకే వారంలో చెడిపోయాయి. పెదబయలు దాటి కొండెక్కితే పద్నాలుగు గడపల ఊరు మాది. పిండి మర కావాలంటే సంత దాకా దిగాలి. చోళ్లు, అంటే రాగులు, విసరందే అంబలి లేదు, అంబలి లేందే పొద్దు గడవదు. అలాంటి చోట ఇంటింటా తిరగలి మూలపడితే ఎంత గగ్గోలు పుట్టాలి! ఎవరూ కిక్కురుమనలేదు. అదేమిటో నాకు తెలియడానికి నేనే ఒక పెద్ద తప్పు చేయాల్సి వచ్చింది.

ఆ ఏడు చలికాలంలో మా మేనత్త భర్త, మా మామయ్య, జీలుగు చెట్టు మీంచి పడి చనిపోయాడు. కల్లు దించడంలో ఆయనంత ఒడుపున్నవాడు చుట్టుపక్కల లేడు. ఆ ఉదయం మంచుకి మాను తడిసి ఉంది, కాలు జారింది. వాళ్లకి పిల్లల్లేరు. వాళ్ల ఇల్లు మా ఇంటిని ఆనుకునే ఉండేది. దినాలు అయిపోయాక అత్త గుమ్మంలో కూర్చుని ఆ చెట్టున్న కొండవైపు చూడడం మొదలుపెట్టింది. ఏడవలేదు. మాట్లాడలేదు. తల దువ్వుకోలేదు. మా అమ్మ కలిపి పెడితే రెండు ముద్దలు మింగేది, ఒక్కోరోజు అదీ లేదు. అన్నిటికన్నా మమ్మల్ని భయపెట్టింది ఆమె పొయ్యి. చలికాలంలో మా కొండమీద ఎవరూ పొయ్యి ఆరనివ్వరు. అత్త పొయ్యిలో బూడిద కూడా చల్లబడిపోయింది.

సంత రోజున జ్వరాల బిళ్లలు పంచడానికి కొండకింద దాకా ఆసుపత్రి జీపు వచ్చేది. అక్కణ్ణుంచి డాక్టరుబాబు మా ఊరికి నడిచి వచ్చేవాడు. కింది దేశం నుంచి వచ్చిన కుర్రాడు, మంచివాడు. అంతకు రెండేళ్ల ముందు చలిజ్వరంతో మూలుగుతున్న నన్ను బతికించింది ఆయన ఇచ్చిన చేదు బిళ్లలే. మా నాన్న ఆయన్ని అత్త దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన నాలుగు ప్రశ్నలడిగాడు. అత్త కొండవైపే చూస్తూ ఉండిపోయింది. ఇది మనోవ్యాధి అన్నాడాయన. పట్నం ఆసుపత్రిలో చేర్పించాలి, రెండు మూడు నెలలు పడుతుంది, వచ్చే సంతకి జీపులో తీసుకెళ్తాం, అన్నగా నువ్వు సంతకం పెట్టాలి అని ఒక కాగితం తీశాడు.

మా నాన్న కాఫీ తోటలో మేస్త్రీ. ఊరి మొత్తం మీద సంతకం వచ్చినవాడు ఆయనొక్కడే, అది పెట్టే అవకాశం ఎప్పుడొస్తుందా అని చూసే మనిషి కూడా. చెల్లెలంటే ప్రాణం, అదీ నిజమే. కలం అందుకున్నాడు. అప్పుడు మా నానమ్మ వచ్చి కాగితం మీద అరచెయ్యి పెట్టేసింది.

“సలిజొరానికి నీ బిళ్ల మింగమంటే మింగినాం బాబూ, నానేటైనా కాదన్నానా? మొగుడు పోయిందానికి బిళ్లేటి? మూడు సంతలాగు. అప్పటికీ నా కూతురు ఇలాగే ఉంటే నానే సెయ్యట్టుకుని జీపెక్కిత్తాను.”

ఆయన చాలాసేపు నచ్చచెప్పాడు. ఆవిడ చెయ్యి తీయలేదు. చివరికి ఆయన సరే అన్నాడు గానీ మా నాన్న మండిపడ్డాడు. ఈలోగా దానికేదైనా అయితే ఎవరు జవాబు చెప్తారని అరిచాడు. “నాను సెప్తాను,” అంది నానమ్మ. అంత పొట్టి మనిషి అంత ఎత్తుగా నిలబడడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ సాయంత్రం ఆవిడ పద్నాలుగు గడపలూ తిరిగి వచ్చింది. నిప్పు కోసమో ఉప్పు కోసమో అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే మా తిరగలి చెడిపోయింది. కింది రాయి నడుమ ఉండే ఇనప మేకు లేదు. అది లేకపోతే పై రాయి ఆనిన చోట ఆనదు, పక్కకి జారిపోతుంది. నానమ్మ చేటలో చోళ్లు పోసుకుని అత్త ఇంటికి నడిచింది, వెనకాల నేను. మా తిరగలి మేకు పోయిందే అని చెప్పి, గుమ్మానికి ఇవతల ఉన్న అత్త తిరగలిని అత్త మోకాళ్ల ముందుకే లాక్కుని కూర్చుంది.

మా కొండ తిరగళ్లు పెద్దవి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకే పిడి మీద నాలుగు చేతులూ వేసి తిప్పాలి. ఆ రోజు నానమ్మ ఒక్కతే తిప్పింది. ఆయాసపడుతూ, ఆగుతూ, మళ్లీ తిప్పుతూ. నేను సాయం వెళ్లబోతే గుడ్లురిమింది. అత్త కదల్లేదు. రెండోరోజు మరో ఇంటి ముసలమ్మ వచ్చి తమ తిరగలి పిడి ఊడిపోయిందంది. మూడోరోజు ఇద్దరు వచ్చారు. ఆ రోజే, నానమ్మ దగ్గుతూ ఆగిపోయినప్పుడు, అత్త చెయ్యి ఒకటి వచ్చి పిడిమీద పడింది. నానమ్మ తలెత్తి చూడలేదు. చూడకుండా ఉండడం ఎంత కష్టమో నాకిప్పుడు తెలుస్తోంది.

తర్వాత రోజూ తిరునాళ్లే. పిల్లాడు ఆకలికి ఏడుస్తున్నాడని ఒకావిడ అత్త పొయ్యి రాజేసి అక్కడే అంబలి కాచేసింది. మర్నాడు ఇంకొకామె. పొయ్యి ఇక ఆరలేదు. వచ్చినవాళ్లు తమ గొడవలే చెప్పుకునేవాళ్లు: పసుపు తవ్వకం, ఎలుగుబంటి తొక్కేసిన చేను, అత్తగారి సణుగుడు. ఒక్కరు కూడా ఊరుకో తల్లీ అనలేదు, మరిచిపో అనలేదు. నానమ్మ పెట్టిన షరతు అదేనని తర్వాత తెలిసింది. ఊరుకోమన్న దాన్ని ఆ గుమ్మం తొక్కనివ్వనని ఇంటింటికీ చెప్పి వచ్చిందట. ఒకామె విసురుతూ విసురుతూ, ఎప్పుడో పోయిన తన బిడ్డ గుర్తొచ్చి భోరుమంది. ఆమెనీ ఎవరూ ఊరుకోమనలేదు.

రెండు సంతలు గడిచాయి. అత్త తిప్పుతోంది, తింటోంది, మాట మాత్రం లేదు. మా నాన్న వేళ్లమీద రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. అప్పుడు నేను చేసిన ఘనకార్యం ఇది: చూరులో దాచుకున్న ఉసిరికాయల కోసం తడుముతుంటే మా తిరగలి మేకు చేతికి తగిలింది. నా అంత తెలివైనది లేదనుకున్నాను. మేకు బిగించి, గుప్పెడు చోళ్లు విసిరి, ఆ పిండి అడ్డాకులో పోసుకుని అత్త ఇంటికి పరుగెత్తాను. నిండా ఆడవాళ్లు. “నానమ్మా, మన తిరగలి బాగైపోనాది! మేకు సూరులోనే ఉంది!” అని ఊరంతా వినబడేలా అరిచాను.

తిరగలి ఆగిపోయింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నానమ్మ మొహం చూశాక నేనేదో విరగ్గొట్టానని అర్థమైంది గానీ ఏమిటో అర్థం కాలేదు. అప్పుడు అత్త మాట్లాడింది. నెల పైగా వాడని గొంతు, బొంగురుగా వచ్చింది.

“ఊళ్లో తిరగళ్లన్నీ ఒక్కపాలే సెడిపోతాయేటే గుంటా? నాకు తెల్దనుకున్నావేటి?”

ఎవరో కిసుక్కున నవ్వారు. అత్త కూడా నవ్వబోయింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. మామయ్య పేరు పెట్టి పిలుస్తూ, ఎందుకెక్కావు, మంచు తగ్గేదాకా ఆగమన్నాను కదా అని తిడుతూ, గుండెలవిసేలా ఏడ్చింది. మా నాన్న పరుగున వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. నానమ్మ ఆయన్ని లోపలికి రానివ్వలేదు. అత్త చేతుల్ని తీసి పిడిమీద పెట్టి, వాటి మీద తన చేతులు వేసి, తిప్పడం మొదలుపెట్టింది. అత్త ఏడుస్తూనే తిప్పింది. ఆ పొద్దు ఊరంతా తాగిన అంబలి ఆ పిండిదే.

మూడో సంతకి డాక్టరుబాబు కాగితంతో వచ్చాడు. తల దువ్వుకున్న అత్త తిరగలి ముందు నుంచి లేవకుండానే ఆయనకి జవాబు చెప్పింది. “నాకు జబ్బు నేదు బాబూ. నా మనిషి నేడు. ఏడుపొత్తే ఏడుత్తాను, దానికి పట్నం ఎందుకు?” రాత్రి నిద్రపడుతోందా అని అడిగాడాయన. ఒకనాడు పడుతుంది, ఒకనాడు పట్టదు అంది. ఆయన మా నాన్నవైపు చూశాడు. మా నాన్న, ఆ సంతకాల మహారాజు, కలం తీసుకోలేదు. డాక్టరుబాబుకి పూర్తిగా నమ్మకం కుదరలేదు, మళ్లీ వచ్చి చూస్తానన్నాడు. అన్నట్టే చాలాసార్లు వచ్చాడు, వచ్చినప్పుడల్లా అత్త చేతి అంబలి తాగి వెళ్లాడు.

అత్త బాగైపోయిందా అని అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. బాగవడమంటే ఏమిటి? మామయ్య రాలేదు కదా! ఆమె బతికినన్నాళ్లూ మంచు పడే కొన్ని ఉదయాలు ఆ కొండవైపు చూస్తూనే కూర్చుంది. పక్కన ఎవరో ఒకరు కూర్చునేవాళ్లు. అంతకన్నా బాగైన మనుషుల్ని నేను పెద్దగా చూడలేదు.

నేను ఆశ్రమ పాఠశాలలో పంతులమ్మగా చేసి, ఇప్పుడు పాడేరులో ఒక మేడకింది వాటాలో ఉంటున్నాను. మా ఇంటి ఆ తిరగలి నా దగ్గరే ఉంది, మేకుతో సహా. ఈమధ్య పై వాటాలో ఉండే అమ్మాయికి కడుపులో బిడ్డ పోయింది. ఆమె ఎవరితోనూ మాట్లాడడం లేదని, బిళ్లలు వాడుతున్నారని, మనం కదిలించకూడదని మేడంతా గుసగుసలు. బిళ్లలు మానమని నేనెవరికీ చెప్పను, వాటివల్ల బతికినదాన్ని. కానీ బిళ్ల వచ్చి ఎదురుగా కూర్చోదు. కదిలించకూడదట! నాకు పౌరుషం వచ్చింది. వాచ్‌మన్ చేత తిరగలి మెట్లెక్కించి, కిలో చోళ్లు పట్టుకుని తలుపు కొట్టాను. మా ఇంట్లో దీనికి చోటు లేదమ్మా, పైగా నేనొక్కదాన్నీ తిప్పలేను అన్నాను.

ఆనాడు మా నానమ్మ చెప్పింది అబద్ధం. నేను చెప్పింది, ఈ వయసులో, నిజమే.