వేపాకు పెట్టిన పేజీ

ఎండిన వేపాకు వాసన తగిలితే నాకు అమీర్‌పేటలోని మా పాత ఇల్లు, నాయనమ్మ బైబిలు గుర్తొస్తాయి. పురుగు పట్టకుండా ఆమె పేజీల మధ్య వేపాకు పెట్టేది. మొదటి పేజీలో తాతయ్య మొదలుకొని నా దాకా ఇంటివాళ్ల పేర్లన్నీ సిరాతో రాసి ఉండేవి. జీవగ్రంథంలో పేరున్నవాళ్లే పరలోకానికి పోతారని ఆదివారం బడిలో చెప్పారు. ఆ గ్రంథం మా ఇంట్లో ఉన్నదే అనుకున్నాను నేను.

పక్కింటి లక్ష్మికి కూడా నాలాగే ఎనిమిదేళ్లు. ఒకరోజు ఆ పేజీ తెరిచి గొప్పగా చూపించాను.

"నా పేరు సుత రాయవే," అంది.

"గిది మా ఇంటోళ్లకే," అని పుస్తకం మూసేశాను.

ఆ వానాకాలం పంజగుట్ట నుంచి మా వీధి దాకా జ్వరాలు పాకాయి. లక్ష్మి నాలుగు రోజుల్లో చనిపోయింది. ఆమెను తీసుకుపోయిన సాయంత్రం నా పేరు కింద పెన్సిలుతో ఆమె పేరు రాస్తూ నాయనమ్మకు దొరికిపోయాను. ఏడుస్తూ అంతా చెప్పాను.

నాయనమ్మ కొట్టలేదు, పేరు చెరపలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "గుడికి పోయేటి మా నాయన పేరు ఏ పుస్తకంల ఉండె బిడ్డా? దేవుడు మనల్ని వంశం జూసి పిల్వలే. ఉత్తగనే దయ జూపిండు. గా పిల్ల మీద జూపడా?" అంది.

ఆ బైబిలు ఇప్పుడు నా దగ్గరుంది. లక్ష్మిని దేవుడు చూసుకునే ఉంటాడు, ఆ దిగులు నాకు లేదు. నేను అడక్కుండానే నాకు దొరికినదాన్ని, అడిగిన పిల్లకు లేదన్నాను.